ఇరవై రెండో ఫ్రేము

పోయినవారం కథను వీరేశం నా స్టూడియో మెట్ల మీద నిలబడిన చోట ఆపాను. చేతిలో ల్యాబ్ కవరు. వెనక భార్య సత్తెమ్మ, ఆమె వెనక కొడుకు శ్రీను. ఆ కవరులో అతని కూతురు కళ్యాణి పెళ్లి ఫోటోలు ఉండాలి. లేవు. గోపన్‌పల్లిలో కుమార్ అనే కుర్రాడి అద్దె ఇంట్లో పోయిన నెల మావాళ్లు కలిసిన ఆదివారం ఫోటోలు ఉన్నాయి, ముప్పై ఆరు.

తప్పు నాది. పద్దెనిమిదేళ్లుగా మావాళ్ల ఫోటోలన్నీ నలుపు తెలుపులో తీసి నా చీకటిగదిలో నేనే కడిగాను. ఒక్క ఫిల్ము రోలునూ బయటి చెయ్యి తాకలేదు. మధుకర్ పోయి రెండేళ్లయిన రోజున అందరం కలిసి అన్నం తిందామన్నారు. ఈసారి రంగుల్లో తియ్యమన్నారు. తీశాను. రంగుల రోలు కోఠిలో ల్యాబ్‌కు పంపాల్సిందే. కళ్యాణి పెళ్లి రోలునూ దాన్నీ ఒకే సంచిలో వేసి, రోళ్ల మీద పేర్లు రాయకుండా పంపాను. నెగెటివ్‌లు వేరుగా వచ్చాయి, ప్రింట్ల కవరు విప్పి చూడకుండానే వీరేశానికి ఇచ్చాను. నిన్నగాక మొన్న కెమెరా పట్టినవాడు కూడా అలా చేయడు.

మధుకర్ నాతో పద్నాలుగేళ్లు ఒకే ఇంట్లో బతికినవాడు. పోయినప్పుడు అన్నలు వచ్చి శవాన్ని వ్యానులో ఎక్కించుకున్నారు. నన్ను ఎక్కనివ్వలేదు. ఈయన ఇంట్లో కిరాయికి ఉండేవాడని డ్రైవరుకు చెప్పారు. ఊళ్లో ఎవరూ నన్ను పలకరించలేదు, నాకు ఎవరో పోయారని ఎవరికీ తెలియదు కాబట్టి. ఆ అన్నలను నేను క్షమించలేదు. ఇక ముందూ క్షమించను.

ఇక వీరేశం సంగతి.

"కూసో" అన్నాను.

"కూసునేటందుకు రాలే." కవరు బల్ల మీద పడేశాడు. "ఇది నీదేనా?"

"నాదే. నీ బిడ్డ ఫోటోలు లోపలున్నయ్. మంచిగొచ్చినయ్. తప్పు నాది వీరేశం."

"తప్పన్నవ్, అయిపాయె! ఇంటి నిండ సుట్టాలు. కొత్త అల్లుడు మంచం మీద కూసున్నడు. పెండ్లిపిల్ల ఏదని కవరు విప్పితే, మీసాలోళ్లు ఒకల మెడల మీద ఒకలు చేతులేసి నవ్వుతున్నరు!"

"అల్లుడు చూసిండా?"

"సూడలే. ఇది కొంగుల పెట్టుకున్నది." భార్యను చూపించాడు.

"మరేం జెయ్యాలె?" అంది సత్తెమ్మ. "అందరు రాండ్రి, ఫోటోలొచ్చినయ్ సూడుండ్రి అని వాడకట్టంత ఇనపడేటట్టు ఒర్లింది నువ్వే గద."

వీరేశం మాదాపూర్‌లో లేస్తున్న టవర్ల దగ్గర మేస్త్రీ. నానక్‌రామ్‌గూడ మనిషి. అతని కింద నలభైమంది పనిచేస్తారు, మాటకు ఎదురు చెప్పరు. ఇంట్లో సత్తెమ్మ చెబుతుంది. అందుకే ఇంట్లో తక్కువ మాట్లాడతాడని శ్రీను నాతో చాలాసార్లు అన్నాడు.

శ్రీను డ్యూటీ నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు. నీలం చొక్కా, భుజం మీద ఎర్ర తాడు, జేబులో విజిల్. ఒక కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ. గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నా వైపు చూడలేదు.

వీరేశం కవరులోంచి ఒక ఫోటో తీసి బల్ల మీద పెట్టాడు. కుమార్ ఇంటి మెట్టు మీద ఇద్దరు కూర్చున్నారు. శ్రీను తల వెనక్కి వాల్చి పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు. కుమార్ అతని భుజం మీద గడ్డం ఆనించాడు. ఒక పళ్లెంలో బగారన్నం, రెండు చేతులు ఆ ఒక్క పళ్లెంలోనే ఉన్నాయి. కుమార్ భీమవరం వైపు వాడు, ఆ కంపెనీలోనే ప్రోగ్రాములు రాస్తాడు.

"దీని నెగెటివ్ ఇయ్యి."

"ఇయ్య."

"ఇదొక్కటే గాదు. లోపల బీరువా నిండ ఉన్నయంట గద గిసొంటియి? అన్ని బయటెయ్యి. నీ ముంగట్నే కిరసనాయిల్ పోసి అంటువెడుత. లేదంటవా, నీ ఇంటి ఓనర్ రామ్మోహనరావు కాడికి పోత. ఆడికెల్లి ఠానకు పోత. పోలీసోళ్లే వచ్చి బీరువ మోస్కపోతరు."

అతను పోగలడు. పోతే వాళ్లు వస్తారు కూడా. మా బతుకే నేరమని రాసిన చట్టం అతని వైపే ఉంది. లింగంపల్లి పోలీస్ స్టేషన్ నా స్టూడియోకు ఫర్లాంగు దూరం.

నేను లేచి బీరువా తలుపులు రెండూ బార్లా తెరిచాను.

"ఏం కాలుస్తవో చూసినంక కాల్చు" అన్నాను.

నాలుగు వందల పన్నెండు రోళ్లు. ఆరేసి ఫ్రేముల ముక్కలుగా కోసి, కాగితపు తొడుగుల్లో పెట్టి, సంవత్సరం వారీగా అట్టపెట్టెల్లో సర్ది ఉన్నాయి. ప్రింట్లు తొమ్మిది ఆల్బముల్లో. మధుకర్ పోయేదాకా తీసిన ఒక్కో ఫోటో వెనక అతని చేతిరాత: తేదీ, చోటు, ఎవరెవరు. అతను యూనివర్సిటీ ఆఫీసులో గుమాస్తా. చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఈ నగరంలో పెళ్లిళ్లు తీసినవాళ్లు వెయ్యిమంది ఉంటారు. నేనూ తీశాను. పెళ్లి జరగని జంటలను తీసినవాణ్ని నేనొక్కణ్నే. ఆ మాట ఎవరి ముందైనా తల ఎత్తి చెబుతాను.

వీరేశం ముట్టలేదు. సత్తెమ్మ వచ్చి పై ఆల్బం తీసుకుని కుర్చీలో కూర్చుని ఒళ్లో పెట్టుకుంది.

పబ్లిక్ గార్డెన్ రాతిబెంచీ మీద బెల్‌బాటం ప్యాంట్లలో అయిదుగురు, అయిదుగురి జేబుల్లోనూ దువ్వెనలు. నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఫోటో స్టాలు, అట్ట చందమామ మీద కూర్చున్న ఇద్దరు, ఒకడు మున్సిపాలిటీ వైర్‌మ్యాన్. గండిపేట గట్టు మీద స్కూటరు, దాని మీద ముగ్గురు. బర్కత్‌పురా డాబా మీద నాటకం రిహార్సల్. హోలీ రంగుల్లో ముఖాలు తెలియని పన్నెండుమంది. దాని వెనక మాత్రం పన్నెండు పేర్లూ ఉన్నాయి.

"వీళ్లందరు నీ సుట్టాలా అన్నా?" అని అడిగింది.

"సుట్టాలు గాదమ్మా. అంతకన్న ఎక్కువ."

"ఈ చీర గట్టినాయన ఎవరు?"

"బ్యాంకుల క్యాషియర్. అది వాళ్లమ్మ పట్టుచీర. ఆమె పోయినంక ఒక్కసారి కట్టుకుంట, ఫోటో తియ్యమన్నడు."

ఆమె ఫోటోను కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "కుచ్చిళ్లు ఎంత మంచిగ పెట్టిండు. మన కళ్యాణికి గిట్ల రావు. పెండ్లినాడు నేను నాలుగుసార్లు గట్టిన."

"సత్తెమ్మా!" అన్నాడు వీరేశం.

"సూస్తున్న గద. కాలుస్తనంటివి. సూడకుండ కాలుస్తరా?"

ఇంకో పేజీ తిప్పింది. ఆ పేజీలో ఉన్నవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. ఒకడిది రోగం. ఇంకొకడు పెళ్లికి రెండు రోజుల ముందు రైలు పట్టాల మీదికి వెళ్లాడు. వాళ్ల ఇళ్లలో వాళ్ల ఫోటోలు గోడల మీద లేవు. ఉన్నది ఇక్కడే. నేను ఆ సంగతి ఆమెకు చెప్పలేదు. పేజీ తనే తిప్పుకుంది.

"ఇను వీరేశం" అన్నాను. "నెగెటివ్ ఇయ్యనని ప్రతి స్టూడియోల బోర్డుంటది. నా బోర్డు ఇంకో తీరు. ఫోటోల ఉన్న మనిషి ఎన్నడొచ్చి కొయ్యమన్నా, కత్తెర ఆయన చేతికే ఇస్త. తన చేత్తోని తనే కోసుకోవాలె. నేను ఎందుకని అడగ. ఫోటోల లేనోళ్లకు మాత్రం ఎవరికీ హక్కు లేదు. పెండ్లానికి లేదు, అన్నకు లేదు, పోలీసోనికి లేదు. నాక్కూడ లేదు."

ఆ రూలు మధుకర్ పెట్టాడు. ఎనభై నాలుగులో ఒకతను పెళ్లి కుదిరిందని వణుకుతూ వచ్చాడు. మధుకర్ అతనికి టీ ఇచ్చి, కత్తెర ఇచ్చాడు. కోసుకుని వెళ్లాడు. ఇప్పటిదాకా పదకొండుమంది అలా కోసుకున్నారు. ఆ ఖాళీ చోట్లలో 'తానే కోశాడు' అని రాసి తేదీ వేశాం. మిగిలిన నాలుగు వందలమంది ఆ రూలును నమ్మే నా కెమెరా ముందు నవ్వారు. ఒక్కసారి దాన్ని తప్పితే ఈ బీరువాకు విలువ లేదు. అప్పుడు వీరేశం కాల్చినా ఒకటే, చెదలు తిన్నా ఒకటే.

"నేను వాని తండ్రిని" అన్నాడు వీరేశం.

"తండ్రివే. ఫోటోల నువ్వు లేవు."

అతను కొడుకు వైపు తిరిగాడు.

"అయితె నువ్వు చెప్పు. ఫోటోల నువ్వున్నవ్ గద. కొయ్యమను."

శ్రీను గోడ దగ్గర నుంచి కదిలాడు. "ఆ నెగెటివ్ చూపియ్యన్నా" అన్నాడు.

పెట్టెలోంచి ముక్క తీసి లైటు బల్ల మీద పరిచాను. పంతొమ్మిది నుంచి ఇరవై నాలుగు. నాలుగోది వాళ్లది, ఇరవై రెండు. భూతద్దం ఇచ్చాను. వంగి చాలాసేపు చూశాడు.

"కుమార్‌ను అడిగినవా?" అన్నాను. రూలు ఇద్దరికీ ఉంటుంది.

"పొద్దున ఫోన్ చేసిన. నువ్వేమంటే నాదీ అదే అన్నడు."

"మస్తు చెప్పిండు!" అన్నాడు వీరేశం. "వానికేం? రేపు బెంగళూరు పోతడు, ఎల్లుండి ఇంకో ఊరు పోతడు. నువ్వు నానక్‌రామ్‌గూడలనే ఉండాలె. బోరింగు కాడికి పోతె నలుగురు మొఖం సూస్తరు."

"చూడనియ్యి నాయినా."

"ఏమన్నవ్?"

"చూడనియ్యి అన్న. ఆ గేటు కాడ పొద్దుగూకులు నిలవడుత. రెండువేలమంది లోపటికి పోతరు. మెడల కార్డు చూపెట్టి పోతరు. ఒక్కడు నా మొఖం చూడడు. చెట్టుకు చెప్పినట్టు గుడ్ మార్నింగ్ చెప్తరు. కుమార్ ఒక్కడే ఆగిండు. పేరడిగిండు. అన్నం తిన్నవా అని అడిగిండు." భూతద్దం బల్ల మీద పెట్టాడు. "ఈ ఫోటోల నా మొఖమున్నది. దీన్ని కోస్తే మల్ల యాడికెల్లి తెచ్చుకోవాలె?"

"సిగ్గు లేదురా నీకు?"

"ఉండె. మస్తు రోజులుండె. కుమార్ చెప్పిండు, మా అసొంటోళ్లను ఇంగ్లీషుల గే అంటరంట. దేశదేశాల ఉన్నరంట."

"ఇంగ్లీషుల పేరు పెడితె పని మంచిదైతదా?"

"పేరైతే ఉన్నది గద నాయినా. పేరుంటే, ఒక్కణ్నే గాదని తెలుస్తది."

ఆ ఇంగ్లీషు మాట మాకు కొత్త. మేము 'మనోళ్లు' అనుకునేవాళ్లం, అంతే. నా యాభై రెండేళ్లలో ఒక్కడు తండ్రి ముందు నిలబడి ఇలా మాట్లాడగా నేను వినలేదు. నేను మాట్లాడలేదు. మధుకర్ మాట్లాడలేదు. పదో తరగతి తప్పి, ఎర్ర తాడు చొక్కా వేసుకుని తిరిగే వీరేశం కొడుకు మాట్లాడాడు. నాకు గర్వంగా అనిపించింది. దాన్ని ముఖం మీదికి రానివ్వలేదు.

"నాకు నిన్నటిదాక ఎరికలేదు" అన్నాడు వీరేశం భార్యతో, సాక్ష్యం అడుగుతున్నట్టు. "ఎరికైతే అప్పుడే వీని కాళ్లిరగ్గొట్టేటోణ్ని. మైసమ్మతల్లి మీదొట్టు, నిన్న కవరు విప్పేదాక నాకు తెల్వనే తెల్వదు."

సత్తెమ్మ ఆల్బం మూసింది.

శ్రీను నా వైపు తిరిగాడు. "కొయ్య అన్నా. పెద్దది చెయ్యి."

"ఎంత పెద్దది?"

"ఎంతయితే అంత. ఇప్పుడే చెయ్యి. నాయిన చూస్తుండంగ చెయ్యి."

"గంత మంచిగుంటే బయట అద్దాల పెట్టుమను!" అన్నాడు వీరేశం. స్టూడియో ముందున్న అద్దాల పెట్టెను అతను వెక్కిరింపుగా చూపించాడు. అందులో పెళ్లికూతుళ్లు, బోసినవ్వుల పిల్లలు, నేను ఉంచిన కోటూ టై వేసుకుని దిగిన కంప్యూటర్ కోర్సు కుర్రాళ్లు ఉన్నారు.

"పెట్టన్నా" అన్నాడు శ్రీను. "రేపు పొద్దుగాల్ల పెట్టు."

రంగుల నెగెటివ్‌ను నలుపు తెలుపు కాగితం మీద తీస్తే కొంచెం మసకగా వస్తుంది. అయినా వస్తుంది. నలుగురం చీకటిగదిలోకి వెళ్లాం. నలుగురికి అందులో చోటు లేదు. సత్తెమ్మ నీళ్లతొట్టి పక్కన ఒదిగింది, వీరేశం తలుపుకు వీపు ఆనించాడు. లోపలికి రమ్మని నేను అతన్ని పిలవలేదు. బయట ఉండమంటే ఉండేవాడూ కాదు.

ఎర్రబల్బు వేశాను. ముక్కను ఎన్‌లార్జర్‌లో పెట్టి, పన్నెండంగుళాల కాగితం పరిచాను. వెలుగు నలభై సెకన్లు ఇచ్చాను. కాగితాన్ని మందునీళ్ల ట్రేలో వేసి ఒక మూల పట్టుకుని ఊపాను.

మొదట శ్రీను జుట్టు వచ్చింది. తర్వాత కుమార్ కళ్లద్దాలు. మెట్ల కింద నీడ. తెల్లకాగితంలోంచి నవ్వు కొంచెం కొంచెంగా తేలింది.

"అవ్వో" అంది సత్తెమ్మ. "నీళ్లలకెల్లి లేస్తున్నడు నా కొడుకు."

ల్యాబ్ మిషను ప్రింటు వేసేటప్పుడు అంచులు కొంత మింగుతుంది. నేను మింగను. నెగెటివ్‌లో ఎంత ఉంటే అంతా కాగితం మీదికి రావాలి. అది నా పద్ధతి. ల్యాబ్ ప్రింటులో ఎడమవైపు గోడతోనే ఆగిపోయింది. నా కాగితం మీద గోడ దాటి గేటు వచ్చింది. గేటు చువ్వలు ఒక్కొక్కటీ నల్లబడ్డాయి. చువ్వల అవతల సైకిలు. సైకిలు పట్టుకుని ఒక మనిషి.

ఆ రోజు ఆ ఫోటో తీసింది నేనే. ఆ మనిషిని చూడలేదు. నా కళ్లు నవ్వు మీద ఉన్నాయి.

అతని ముఖం తేలడానికి ఇంకో అర నిమిషం పట్టింది. ఎండ నేరుగా ముఖం మీద పడింది. ఒక చేత్తో చువ్వ పట్టుకున్నాడు. చూపు మెట్టు మీద ఉన్న ఇద్దరి మీదే ఉంది.

సత్తెమ్మ ట్రే మీదికి వంగింది. నీళ్లు కదలకుండా నేను చెయ్యి ఆపాను.

"ఇది నువ్వే గద" అంది.

వీరేశం వీపు తలుపుకే ఆనుకుని ఉంది.

"ఇది నువ్వు" అంది మళ్లీ. "మెడల నీ పెద్దంచు దస్తి. పోయిన నెల ఆయితారం. సిమెంటు లారీ వచ్చిందని అన్నం కాడికెల్లి లేసిపోయినవ్. గీడికి పోయినవా?"

శ్రీను తండ్రి వైపు తిరిగాడు. ఎర్ర వెలుగులో వాడి ముఖం నాకు సరిగా కనబడలేదు. "నాయినా, నీకు నెలసంది తెలుసా?"

వీరేశం ముఖం తలుపు వైపు తిప్పుకున్నాడు.

"మైసమ్మతల్లి మీద ఒట్టు పెడితివి గదయ్యా" అంది సత్తెమ్మ నెమ్మదిగా.

కాగితాన్ని తీసి రెండో ట్రేలో, మూడో ట్రేలో వేశాను. చేతులు వాటి పని అవి చేశాయి. తెల్లలైటు వేశాను. ప్రింటును తొట్టి అంచుకు ఆనించి నిలబెట్టాను. నీళ్లు కారుతున్నాయి. మెట్టు మీద ఇద్దరు, గేటు దగ్గర ఒకరు. ముగ్గురూ ఎంత స్పష్టంగా ఉన్నారంటే, దాన్ని చూసి ఎవరూ కాదనలేరు. నేను తీసిన వాటిలో ఇంతకన్న మంచిది లేదు.

అప్పుడు నాకు తట్టింది. వీరేశానికి ఇంకా తట్టలేదు. నేను నోరు మూసుకుంటే సరిపోయేది. భార్య ముందు ఒట్టు తప్పిన మనిషి తల వంచుకుని మెట్లు దిగి పోయేవాడు. రేపు పొద్దున ఆ ఫోటో అద్దాల పెట్టెలో ఉండేది. అతను నా బీరువాను కాలుస్తానన్నవాడు. నా కళ్లకు మధుకర్ అన్నలాంటివాడే. అతనికి నేను ఏమీ బాకీ లేను.

కానీ ఫోటోలో ఉన్న మనిషికి హక్కు ఉందని అరగంట కింద చెప్పింది నేను. రూలు నచ్చినవాడికొకటి, నచ్చనివాడికొకటి కాదు.

ఎన్‌లార్జర్‌లోంచి ముక్క తీసి, అందరం స్టూడియోలోకి వచ్చాక లైటు బల్ల మీద పెట్టాను. దాని పక్కన కత్తెర పెట్టాను.

"వీరేశం" అన్నాను. "ఫోటోల నువ్వు లేవని చెప్పిన. ఉన్నవ్. కోసుకునే హక్కు నీకున్నది."

"అన్నా!" అన్నాడు శ్రీను.

"రూలు శ్రీనూ. నువ్వు ఉంచుమన్నవ్, కుమార్ సరేనన్నడు. ముగ్గురిల ఒక్కరు కొయ్యాలన్నా ఆపేటందుకు నాకు లేదు. ఆయన కోస్తే ఆ ప్రింటు కూడ చింపుత. ఎన్నడైనా గట్లనే చేసిన."

శ్రీను, తండ్రికి అడ్డంగా నిలబడి ఉన్నవాడు పక్కకు తప్పుకున్నాడు. ఆ ఒక్క అడుగు వేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. వాడు వేశాడు.

వీరేశం బల్ల దగ్గరికి వచ్చాడు. కత్తెర కుడిచేత్తో తీసుకున్నాడు. సిమెంటు తిన్న వేళ్లు, కత్తెర కళ్లల్లో సరిగా దూరలేదు. ఎడమచేత్తో ఫిల్ము ముక్క ఎత్తి వెలుగుకు పట్టుకున్నాడు. అందులో అతనికి ఏమి కనబడిందో తెలియదు. నెగెటివ్‌లో నవ్వు నల్లగా ఉంటుంది.

"గంటసేపు నిలవడ్డ" అన్నాడు. ఎవరితో అన్నాడో నాకు అర్థం కాలేదు. "ఎండల. కొడుదామని పోయిన. గేటు తీస్తే తీసేటోణ్ని."

"మరెందుకు తియ్యలే?" అంది సత్తెమ్మ.

"వీడు నవ్వుతుండె."

శ్రీను కదల్లేదు.

"ఇరవై నాలుగేండ్లు పెంచిన. ఇంట్ల ఎన్నడు గట్ల నవ్వలే. నేనున్నకాడ ఎన్నడు నవ్వలే." వీరేశం కత్తెరను వేళ్ల మీదికి ఇంకొంచెం తోశాడు. "ఎవనింటి మెట్టు మీదనో కూసోని నవ్వుతుండె."

కత్తెర తెరుచుకుంది. ఇరవై ఒకటికీ ఇరవై రెండుకీ మధ్య ఉన్న సన్నని గీత మీద దాని అంచు ఆనింది. సత్తెమ్మ చెయ్యి చాచి, అతన్ని తాకకుండా ఆపేసుకుంది.

"శ్రీనూ" అన్నాడు వీరేశం, తల ఎత్తకుండానే. "ఒక్కటి అడుగుత. అబద్ధం చెప్పకు. నువ్వు చెప్పేదాన్ని బట్టి కోస్తనో, ఇడిసిపెడుతనో."

అతను ఏమడిగాడో వచ్చేవారం చెబుతాను.